పంతొమ్మిదో భాగం తర్వాత

రెండో రోజు కూడా మునిరత్నమ్మ పళ్ళెం ముట్టలేదు.

కోడలు మోనికా పొద్దున ఏడింటికి పెట్టిన ఇడ్లీలు తొమ్మిదైనా అలాగే ఉన్నాయి. చట్నీ ఆరి పళ్ళేనికి అంటుకుపోయింది. మునిరత్నమ్మ నడవలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఒళ్ళో ఫోను. దాన్ని చూడడం లేదు. చెయ్యి మాత్రం దాని మీద పెట్టి ఉంది.

"రెండు ఇడ్లీలన్నా తినుమా. మాత్ర వేసుకోవాల," అంది కూతురు కోమలి.

"యాడ పెట్టినావు?"

"ఏంది?"

"ఇరవై నుంచి అరవై మూడు దాకా. యాడ పెట్టినావని అడగతా ఉండా."

మొన్న సాయంత్రం నుంచి ఇదే ప్రశ్న. మొన్న ఆరు గంటలకు మోనికా ఎప్పటిలాగే ఫోన్లో కథల యాప్ తెరిచి, అత్తకు చదివి వినిపించబోయి ఆగిపోయింది. "ఇరవయ్యో భాగం నుంచి ఒక్కటీ లేదు వదినా. తీసేసినట్టు చూపిస్తా ఉండాది," అంది. యాప్‌లో ఏదో తప్పు జరిగిందనుకుంది. కోమలి అప్పుడు బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "నేనే తీసేసినాను," అంది.

ఆ మాట తర్వాత ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎవరూ ఏడవలేదు కూడా.

"వాని కూతురికి పేరు పెట్టి నాలుగు దినాలు కాలేదు," అంది మునిరత్నమ్మ. "పాయసం చేసినారు. ఊరందరికీ పెట్టినారు. ఆ బిడ్డ యాడికి పోయింది ఇప్పుడు?"

"అది కథమా."

"నాకు తెల్దా కథని?"

"తెలిస్తే ఎందుకు అడుగుతావు?"

"నువ్వు రాస్తివి కాబట్టి అడగతా ఉండా. రాసినదానివి నువ్వు. తీసేసినదానివీ నువ్వే. ఇంకెవుర్ని అడగాల?"

గడప దగ్గర కూర్చుని చెప్పులకు పిన్నీసు పెట్టుకుంటున్న మునెయ్య తలెత్తి ఇద్దరినీ చూశాడు. నగరిలో ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడినవాడు. ఆ చప్పుడు అతని చెవులను ఎప్పుడో తినేసింది.

"ఏమంటా ఉండాది మీయమ్మ?" అని అరిచినట్టు అడిగాడు.

మోనికా వచ్చి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"తిరిగి పెట్టు," అంది మునిరత్నమ్మ.

"పెట్టను."

"పెట్టలేవా, పెట్టవా?"

"పెట్టనుమా. ఆ కథ పంతొమ్మిదితోనే అయిపోయింది. తర్వాతదంతా నేను ఊరికే సాగదీసినది."

మునిరత్నమ్మ మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది. కోపం లేదు. ఏమీ లేదు.

"ఎవురికి అయిపోయింది?" అంది.

*

కోమలి తమ్ముడు, మోనికా భర్త ధనుంజయ పోయి రెండేళ్ళు దాటింది. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని. వారమంతా అక్కడే గదిలో ఉండి ఆదివారానికి నగరి వచ్చేవాడు. సోమవారం తెల్లవారుజామున ఐదు గంటల బస్సుకు పుత్తూరు చేరి, అక్కడ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేవాడు. ఒక సోమవారం ఆ వ్యాను రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దింది. ముగ్గురు పోయారు. అందులో అతనొకడు.

పది నెలలు కోమలికి ఏమీ తోచలేదు. పెళ్ళి మాట వదిలేసి నలభైకి దగ్గరపడిన మనిషి. పుత్తూరులో పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చడం ఆమె ఉద్యోగం. ఒకరోజు మధ్యాహ్నం పని లేక, తమ్ముడి పేరు మార్చి, ఖాళీ పేజీ మీద ఒక వాక్యం కొట్టింది. 'ఆ ఆదివారం దామోదరం మిక్సీ బాగు చేశాడు.' ధనుంజయ ఆ ఆదివారం నిజంగానే మిక్సీ బాగు చేశాడు.

పంతొమ్మిది రోజుల్లో పంతొమ్మిది భాగాలు వచ్చాయి. మొత్తం ఒక్క ఆదివారం, ఆ మర్నాటి తెల్లవారుజాము. దామోదరం కోడిని కోయించుకు రావడం, మేడ మీద నిద్రపోవడం, నాయనకు గడ్డం గీయడం. సోమవారం అతను బయల్దేరుతుంటే భార్య సుగుణ "ఈ పొద్దు పోవద్దు" అంటుంది. అతను ఆగిపోతాడు. గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటాడు. అక్కడితో పంతొమ్మిదో భాగం ముగుస్తుంది.

కథల యాప్‌లో తనే పెట్టింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎన్ని భాగాలైనా పెట్టుకోవచ్చు. మోనికా దాన్ని అత్తకు చదివి వినిపించింది. విన్న సాయంత్రం మునిరత్నమ్మ పది నెలల తర్వాత అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. తిని, చెయ్యి కడుక్కుని, "బూట్లు విప్పినాక ఏం సేసినాడు?" అంది.

కోమలి ఇరవయ్యో భాగం రాసింది.

ఆ తర్వాత రాసింది కోమలి అనడానికి లేదు. "వానికి ఒక ఆడబిడ్డ పుట్టనీ" అని తల్లి అంటే బిడ్డ పుట్టింది. "పైన ఒక గది వేయనీ" అంటే గది లేచింది. యాప్‌లో చదివేవాళ్ళు ట్విస్టు కావాలంటే దామోదరానికి ఒక దాయాదితో తగాదా వచ్చింది, ఆరు భాగాలు నడిచి ఏమీ కాకుండా పోయింది. సంవత్సరం పైన సాగింది. పేరుపెట్టే వేడుకతో అరవై మూడో భాగం.

పోయిన వారం దాన్ని సొంతంగా పుస్తకం వేసుకుందామని ప్రెస్సులో కూర్చుని పేజీలు పెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాటాక చేతులు ఆగిపోయాయి. సుగుణ కాఫీ తెచ్చి ఇవ్వడం తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిది చోట్లా దామోదరం "బాగుంది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అనడానికి అతని దగ్గర ఏమీ లేదు. పంతొమ్మిదో భాగం దాకా గోళ్ళు కొరుక్కునే, అప్పళాలు దొంగతనంగా తినే మనిషి, ఆ తర్వాత అందరికీ సరే అనేవాడయ్యాడు. అది తమ్ముడు కాదు.

మొన్న ప్రెస్సు నుంచి ముందుగానే బయల్దేరి బస్సులో వస్తూ ఫోను తీసి ఒక్కొక్క భాగమే తొలగించింది. నలభై నాలుగు సార్లు యాప్ 'నిజంగా తీసేయాలా?' అని అడిగింది. నలభై నాలుగు సార్లు కోమలి అవును అని నొక్కింది. అప్పుడు ఏమైనా అనిపిస్తుందేమో అనుకుంది. నగరి వచ్చింది, దిగిపోయింది.

*

ఆ గురువారం మునెయ్య కూతురితో బస్టాండు దాకా నడిచాడు. ఎప్పుడూ రాడు.

"అమ్మ తినలేదు గదా?" అన్నాడు దారిలో.

కోమలి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు రాసినదాని గురించే గదా?"

ఈసారి అవునన్నట్టు ఊపింది.

"ఆ అత్తాకోడండ్లు మాపటేల సదువుకునేది నాకు ఇనపడదు. వాళ్ళ మొగాలు సూస్తా కూర్చుంటా. అమ్మ ఒగోసారి నవ్వుతాది. ఏం విని నవ్విందో నాకు తెల్దు." బస్సు వస్తోందేమో అని రోడ్డు వైపు చూశాడు. "అచ్చేస్తే ఒగటి నాకియ్యి. నేనే సదువుకుంటా. సిన్నదేనా?"

కోమలి చేతులతో చూపించింది, సన్నగా.

"మంచిది," అన్నాడు మునెయ్య. "పెద్దదైతే నా కండ్లు తట్టుకోవు."

బస్సు ఎక్కాక వెనక్కి చూసింది. నాయన ఇంకా అక్కడే నిలబడి, బస్సు వెళ్ళిన వైపు కాకుండా అది వచ్చిన వైపు చూస్తున్నాడు.

*

"ఎనభై నాలుగు పేజీలా?" అన్నాడు ఏకాంబరం.

ప్రెస్సు యజమాని. అరవై ఏళ్ళవాడు, ముక్కు చివర కళ్ళద్దాలు. పుత్తూరు చుట్టుపక్కల నాలుగు మండలాల పెళ్ళిళ్ళకు పత్రికలు అచ్చువేసిన మనిషి.

"ఎనభై నాలుగే అన్నా."

"పోయిన వారం మూడు వందల పేజీలుండె గదమ్మా?"

"తీసేసినాను."

ఏకాంబరం బల్ల మీది కాగితాలను బొటనవేలితో ఒకసారి గలగలలాడించాడు. "ఇది బుక్కు కాదు తల్లీ. నిలబెడితే పడిపోతాది. వీపు మీద నీ పేరు ఏసేదానికి కూడా జాగా ఉండదు."

"పడిపోతే పడుకోనీ."

"నవ్వులాటకు చెప్పడంలేదు. అక్షరాలు పెద్దవి చేద్దాం. భాగానికీ భాగానికీ మధ్య ఒక తెల్ల పేజీ ఇడుద్దాం. మీ తమ్ముని ఫోటో, ఎవురైనా పెద్దమనిషితో రెండు మాటలు ముందర. నూటా ఇరవై లాగొచ్చు."

"వద్దన్నా."

"ఎందుకొద్దు?"

కోమలి కంప్యూటర్ ముందు కూర్చుంది గాని తెర వెలిగించలేదు.

"సంవత్సరం పైనే లాగినాను," అంది చివరికి. "ఇంక లాగలేను."

ఏకాంబరం కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలోకి వెళ్ళాడు. పదకొండున్నర నుంచి రెండు దాకా చదివాడు. మధ్యలో ఇద్దరు పత్రిక చూసుకోవడానికి వస్తే, కోమలే మాట్లాడి పంపింది. భోజనం క్యారియరు తెరవకుండానే ఉంది.

చదవడం అయ్యాక కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"నువ్వు తీసేసింది మంచిదే," అన్నాడు. "కానీ ఇది అయిపోలేదమ్మా."

"అయిపోయిందన్నా. ఆ బూట్లు విప్పినాక ఇంకేమీ లేదు."

"బూట్ల తర్వాత సంగతి కాదు. బూట్లకు ముందర." అతను చివరి కాగితాలు తీశాడు. "ఆదివారమంతా నువ్వు ఆ పిల్లోని చెయ్యి పట్టుకుని నడిచినావు. గోళ్ళు కొరికింది రాసినావు, నాయనకు గడ్డం గీసింది రాసినావు. సోమవారం తెల్లారి మాత్రం నాలుగు ముక్కలతో దాటేసినావు. ఆ యమ్మి 'పోవద్దు' అంటాది, ఈయన నిలిచిపోతాడు. ఎందుకన్నది? ఏం సూసి అన్నది? ఏమీ లేదే."

కోమలి తలుపు వైపు చూసింది. రోడ్డు మీద ఎవరో మూటలు దింపుతున్నారు.

"నీకు తెలీదు గదా?" అన్నాడు ఏకాంబరం మెల్లగా.

"తెలీదు. మేం లేచేతలికి వాడు పోయినాడు. ఆ పొద్దు లేచి ఉండింది మోనికా ఒక్కతే."

"అడిగినావా?"

రెండేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర. కోమలి ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు ఏకాంబరం అడిగితేనే తెలిసింది.

"పేజీలు పెంచమని అనడంలేదు," అన్నాడతను, క్యారియరు అందుకుంటూ. "అరపేజీ అయితే అరపేజీ. అక్కరలేనిది నలభై నాలుగు భాగాలు రాసినావు, అక్కరైనది ఒకటి రాయలేదు. అంతే."

*

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. మునిరత్నమ్మ అదే గోడ దగ్గర ఉంది. ఎదురుగా మోనికా.

"నోటితోనే సెప్పు," అంటోంది మునిరత్నమ్మ. "నువ్వే గదా సదివినావు. నీకు గుర్తుంటాది. బిడ్డను ఊయల్లో ఏసినాక ఏమయింది?"

"గుర్తు లేదత్తా."

"అబద్ధం సెప్పొద్దు."

"నిజంగానే గుర్తు లేదు. సదివేది, మర్సిపొయ్యేది."

కోమలి సంచీ దింపింది. "దాన్ని ఎందుకు పట్టుకున్నావుమా? నేను తీసేసినాను. నన్నడుగు."

"నిన్నడిగితే అయిపోయిందంటావు." మునిరత్నమ్మ గొంతు పెరగలేదు. ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టుగా ఉంది. "కథ అయిపోతే ఇది కూడా పోతాది. ఆదివారం వాళ్ళ నాయన వస్తా ఉండాడు గదా. నాకు తెల్దనుకున్నారా?"

మోనికా తల వంచుకుంది.

ఆమె తండ్రి చెంగల్రాయుడు కార్వేటినగరంలో ఉంటాడు. అక్కడ ఒక బడిలో కూతురికి పని మాట్లాడి ఉంచాడు. రెండుసార్లు తీసుకుపోవడానికి వచ్చి, రెండుసార్లూ మునిరత్నమ్మను చూసి ఊరికే వెళ్ళిపోయాడు. ముప్పై కూడా నిండని పిల్ల ఇంకా ఎన్నాళ్ళు సాయంత్రం ఆరింటికి ఫోను పట్టుకుని కూర్చుంటుందని అడిగి, ఈసారి ముందే చెప్పాడు, ఒట్టి చేతులతో పోనని.

"పోతే తప్పేంది?" అంది కోమలి. "దాని బతుకు అది బతకొద్దా?"

"ఆ దామోదరం పెండ్లాం యాడికీ పోలేదే."

"ఆమె సుగుణమా. ఇది మోనికా."

"ఏడాదిగా ఎవురు మోనికానో ఎవురు సుగుణో నాకు తెలీకుండా సేసింది నువ్వే."

అందులో కాదనడానికి ఏముంది?

మోనికా లేచి, ఆరేసిన బట్టలు తీసుకొస్తానని మేడ మీదికి వెళ్ళింది. కాసేపటికి కోమలి కూడా వెళ్ళింది.

మోనికా మామగారి పంచె మడత పెడుతోంది. కొండల వైపు ఇంకా కొంచెం వెలుతురు ఉంది. కింద వీధిలో ఎక్కడో మగ్గాలు నడుస్తున్నాయి.

"మోనికా, ఒకటి అడగాల."

"అడుగు వదినా."

"ఆ సోమవారం పొద్దున వాడు పోయేటప్పుడు ఏం జరిగింది?"

పంచె మడత ఆగలేదు. అంచూ అంచూ కలిపి, అరచేత్తో రుద్ది, పక్కన పెట్టింది. ఇంకో బట్ట తీసుకుంది.

"ఇన్నాళ్ళకా?" అంది.

"ఇన్నాళ్ళకే."

"జొరం వదినా ఆయప్పకు. రాత్రి నుంచే. పొద్దున నాలుగున్నరకు లేచి, 'ఈ పొద్దు పోను, ఒళ్ళు కాలతా ఉండాది' అన్నాడు."

కోమలి ఇటుక గోడ మీద చెయ్యి ఆనించింది.

"మా చిన్నాయన కూతురికి ఆ దినం సీమంతం, కార్వేటినగరంలో. నేను పోవాలనుకుని చీర కూడా తీసి పెట్టుకుని ఉండా. ఆయప్ప ఇంట్లో పడుకుంటే నన్నెవురు పోనిస్తారు? 'ఊరికే నలత, మాత్ర ఏసుకుంటే తగ్గిపోతాది' అన్నాను. ఒక మాత్ర ఇచ్చినాను. నిమ్మకాయ అన్నం కట్టినాను. అప్పటికీ మంచం మీదనే కూర్చుని ఉండినాడు. బ్యాగు తెచ్చి నేనే భుజానికి తగిలించినాను."

చెబుతున్నంతసేపూ ఆమె గొంతు చదువుతున్నప్పటిలాగే ఉంది. హెచ్చులేదు, తగ్గులేదు.

"తర్వాత నువ్వు రాసినావు, సుగుణ 'పోవద్దు' అన్నదని. ఆ భాగం నా నోటితో అత్తకు సదవాల్సొచ్చింది. ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది. అత్త నీళ్ళు తాగమనింది. తాగి సదివినాను. మళ్ళా సదవమంటే మళ్ళా సదివినాను. ఎన్నిసార్లు సదివించుకున్నాదో నీకు తెలీదు వదినా. కొన్ని దినాలకు అలవాటయిపొయ్యింది. ఇంకా కొన్ని దినాలకు, నిజంగానే నేను పోవద్దన్నాననుకున్నాను." ఖాళీ దండెం వైపు చూసింది. "పొద్దున లేస్తే, అనలేదని గుర్తొచ్చేది."

కోమలి తనకు కోపం రావాలేమో అనుకుంది. రాలేదు. జ్వరం. వాడికి జ్వరం. ఎనభై నాలుగు పేజీల్లో ఎక్కడా లేని మాట అది.

"అమ్మకు చెప్పలేదు గదా?"

"ఎట్ల చెప్పాల? సెప్పేదానికి నోరు లేదు. సదివేదానికైతే ఉండాది." మోనికా బట్టల మూట ఎత్తుకుంది. "నువ్వు రాయి. జరిగింది జరిగినట్టు. నేనే అత్తకు సదువుతాను. సదివేసి, ఆదివారం పోతాను."

"వద్దు మోనికా. అమ్మ నిన్ను..."

"ఏం చేస్తుంది? ఇంతకంటేనా?"

*

శుక్రవారం ప్రెస్సుకు పోకుండా కోమలి ఇంట్లోనే ఉండి రాసింది. ఫోన్లో కాదు, నోటుబుక్కులో. సాయంత్రానికి నాలుగు పేజీలు. అంతకంటే రాలేదు, తక్కువ చేద్దామన్నా కుదరలేదు. సుగుణ "పోవద్దు" అన్న మాట కొట్టేసింది. మాత్ర రాసింది, నిమ్మకాయ అన్నం రాసింది, తీసి పెట్టుకున్న చీర రాసింది. సుగుణను మంచిదానిగా గాని చెడ్డదానిగా గాని ఒక్క ముక్క రాయలేదు. చివర దామోదరం వీధి మలుపు దాకా నడిచి వెళ్తాడు. బూట్లు విప్పడం లేదు.

శనివారం మధ్యాహ్నం మోనికాకు చూపించింది. మోనికా నిలబడే చదివింది.

"చీర రంగు నీలం కాదు వదినా, ముదురు ఆకుపచ్చ," అంది.

కోమలి దిద్దింది.

"ఇది బుక్కులో వేయను," అంది. "ఊర్లో అందరూ చదువుతారు. సుగుణ ఎవరో తెలీదా జనానికి?"

"లేకుంటే ఆ బుక్కు ఎందుకు వదినా?"

జరిగింది విన్నాక ఆ పంతొమ్మిది భాగాలు కావాలన్నా బూట్లు విప్పడం దగ్గర ఆగవు. అది కోమలికి తెలిసిపోయింది.

ఆరింటికి మోనికా నడవలో అత్త ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మునిరత్నమ్మ ఈ రెండు రోజుల్లో గంజి మాత్రం తాగింది. కళ్ళు లోపలికి పోయాయి. ఫోను బదులు నోటుబుక్కు చూసి, "ఏందది?" అంది.

"కథత్తా."

"మళ్ళా రాసిందా?"

"రాసింది."

మునిరత్నమ్మ కొంచెం ముందుకు జరిగింది. గడప మీద కూర్చున్న మునెయ్య వాళ్ళ మొహాలు కనబడేలా తిరిగాడు. కోమలి వంటింటి తలుపు దగ్గర నిలబడింది.

మోనికా చదవడం మొదలుపెట్టింది. నాలుగున్నరకు దామోదరం లేచాడు. దీపం వేశాడు. మంచం అంచున కూర్చున్నాడు. "ఒళ్ళు కాలతా ఉండాది సుగుణా, ఈ పొద్దు పోను" అన్నాడు.

"ఈ మాట ఇంతకుముందు లేదే," అంది మునిరత్నమ్మ.

"లేదత్తా. ఇప్పుడు రాసింది."

మాత్ర దగ్గర మోనికా ఒక్క క్షణం ఆగింది. చీర చదివింది. అన్నం చదివింది. సుగుణ బ్యాగు తెచ్చి అతని భుజానికి తగిలించింది అన్నచోటికి వచ్చేసరికి మునిరత్నమ్మ చెయ్యెత్తింది.

"నిలుపు."

మోనికా ఆపింది.

మునిరత్నమ్మ కూతురి వైపు చూడలేదు. కోడలినే చూస్తోంది.

"వానికి జొరం ఎంత ఉండింది?" అంది.

దామోదరం గురించి కాదు. కొడుకు గురించి అడిగింది. కోమలి తలుపు రెక్క పట్టుకుంది.

"తెలీదత్తా," అంది మోనికా.

"సేయి పెట్టి సూళ్ళేదా?"

"సూళ్ళేదు."

ఇంకా రెండు పేరాలు మిగిలి ఉన్నాయి. మోనికా వేలు ఆ పంక్తి మీదే ఉంది. మునెయ్య గడప మీద నుంచి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు.

మునిరత్నమ్మ గోడ పట్టుకుని లేచింది. నాలుగు రోజులుగా కూర్చున్న మనిషి, మోకాళ్ళు పట్టేసి ఒకసారి తూలింది. మోనికా పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దంది. గదిలోకి పోయింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు, మళ్ళీ మూసిన చప్పుడు. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో రేపటి ప్రయాణానికి మోనికా సర్ది పెట్టుకున్న బట్టల్లోని ముదురు ఆకుపచ్చ చీర, ఇప్పుడే కథలో విన్న చీర ఉంది.

దాన్ని తన ఒళ్ళోనే పెట్టుకుని మళ్ళీ గోడ దగ్గర కూర్చుంది.

"మీ నాయనకు ఫోను సెయ్యి," అంది. "రేపు రావద్దని సెప్పు."

"ఎందుకత్తా?"

మునిరత్నమ్మ చీర మడత మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. ఆ మొహంలో క్షమించడం ఉందో, ఇంకేదైనా ఉందో కోమలికి పోల్చుకోవడానికి కాలేదు. నలభై ఏళ్ళుగా చూస్తున్న మొహం అది.

మోనికా ఫోను తీసింది. చెంగల్రాయుడి నంబరు తెర మీద వెలుగుతోంది. నొక్కకుండా తలెత్తి కోమలిని చూసింది.

"ఏం చేయాల వదినా?" అంది.

కోమలి నోరు తెరిచింది.

అప్పటికే ఫోను మోగడం మొదలైంది. అవతలి నుంచి చెంగల్రాయుడే చేస్తున్నాడు.